మూడు ముక్కల పంపు

"నీకు గోళీలిచ్చినోని పేరు చెప్పు కాకా. చెప్పకుంటే ఈ కాలు ముట్ట," అంది డాక్టర్ ప్రణాలి.

సిరొంచలో ఆమె దవాఖాన బల్ల మీద, చీము కారుతున్న పిక్కను చాచుకుని కూర్చున్నాడు సాంబన్న. వరి కోతలో కొడవలి తగిలి తెగి నెల దాటింది.

"చెప్ప డాక్టరమ్మా. పాపం, మంచి మనిషి. బండి మీద ఇంటికొచ్చి గోళీలిస్తడు. నీ లెక్క మొత్తుకోడు."

"ఎన్ని రోజులకిచ్చిండు?"

"రెండ్రోజులకు. నొప్పి తగ్గితే బంద్. మళ్ల లేస్తే మళ్ల రెండ్రోజులు."

ప్రణాలి చీము పరీక్ష రిపోర్టును అతని ముక్కు ముందు ఆడించింది. "గందుకే గిట్లయింది! క్రిములు సచ్చేటంత మందు పడలే, తెలివి నేర్చేటంత పడ్డది. నీ పుండ్ల ఇప్పుడవి పంపులు కట్టుకున్నయి."

"పురుగులు పంపులు కట్టుడేంది? వాటికి కరెంటెవలిచ్చిన్రు?"

"నవ్వకు! క్రిమి లోపలి పొరల ఒక ముక్క, బయటి పొరల ఒక గొట్టం, నడుమ రెంటిని కలిపే ముక్క. మూడు బిగిస్తే పంపు తయార్. మనం మందు పోసినకొద్ది అది బయటికి ఎత్తిపోస్తది."

సాంబన్న ముప్పై ఏళ్లుగా ప్రాణహిత ఒడ్డున మోటార్లు బిగిస్తున్న రైతు. అతని కళ్లు మెరిశాయి. "గింతేనా? నడిమి ముక్క పీకి పారెయ్! జాయింటు ఊడితే ఎసోంటి పంపైనా నీళ్లెత్తదు."

పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు తంటాలు పడుతున్నది దానికోసమే.

"గా పీకే మందు ఇంక రాలే కాకా. పనిచేసే సూది ఒక్కటే మిగిలింది. పది రోజులు ఏసుకోవాలె. దాన్ని గూడ ఎత్తిపోసినయంటే, ఇగ కాలు తీసేసుడే."

సాంబన్న ముఖంలో నవ్వు ఆరిపోయింది.

"మీ ఇంట్ల ఇంకెవలికన్న ఇచ్చిండా ఆయన?"

"మనుమరాలికి... మొన్న దగ్గుకు." జేబులోంచి ఫోన్ తీశాడు. "పేరు నిజంగ తెల్వదమ్మా. డాక్టర్ సాబ్ అంటం. నంబరున్నది."

"చెప్పు. ఏడు తరాలు యాదికుండేటట్టు తిడుత."

అతను ఒక్కో అంకె చదువుతుంటే, ఆమె పళ్లు కొరుకుతూ ఫోన్లో నొక్కింది. పదోది నొక్కగానే తెర మీద పేరు తేలింది:

'మా నాయిన.'