గోడ దాటిన గుజ్జు

“పెద్దమ్మగారూ, కాలు ఇంకొంచెం పైకి.”

“ఇంతకంటే లేపితే నా కేక వీధి చివరికి వినపడుతుంది తల్లీ.”

డాక్టరమ్మ కాలిని మెల్లగా దించింది. టైలరమ్మ పళ్లు బిగించింది. తుంటి దగ్గర మొదలైన మంట పిక్క మీదుగా చిటికెన వేలి దాకా పాకి ఆగింది. అది మిషను తొక్కే కాలు. అది పనికిరాకపోతే ఆమెకు పనీ లేదు, పొద్దూ పోదు. ఆపరేషను అంటారేమోనని ఆమె భయం.

“కాలికి మందివ్వమ్మా.”

“జబ్బు కాలిది కాదండీ, నడుముది.”

“చిరుగు ఒకచోట, మాసిక ఇంకోచోటా?”

డాక్టరమ్మ నవ్వి, స్కానింగు ఫొటో వెలుతురుకు పెట్టింది. “వెన్నుపూసల మధ్య చిన్న దిండ్లుంటాయి. లోపల మెత్తటి గుజ్జు. మీ దిండుకు ఒకచోట కుట్టు విడిపోయి గుజ్జు బయటికొచ్చింది.”

“వచ్చి నరాన్ని నొక్కుతోందా?”

“నొక్కుడు కొంతే. అసలు గొడవ వేరే. ఆ గుజ్జు పుట్టినప్పటి నుంచీ గోడ లోపలే ఉంది. ఒంట్లో కాపలా తిరిగే కణాలు దాన్ని ఎన్నడూ చూడలేదు. బయట కనపడగానే పరాయిదనుకుని మీద పడతాయి. మంట పుట్టించే రసాయనాలు చల్లుతాయి. పక్కనున్న పాపానికి నరం కమిలిపోతుంది. ఇక దానికి దారం తగిలినా సూది గుచ్చినట్టే.”

“ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. వీళ్లు ఇంటిమనిషినే పట్టుకుని తంతున్నారా! ఏం కాపలావాళ్లమ్మా, బుద్ధి లేకపోతే సరి!”

“వాళ్ల తప్పేముంది? చూసిన మొహమైతే కదా.”

డాక్టరమ్మ చీటీ అందుకుని, పైనున్న పేరు మళ్లీ చదివింది.

“ఇంట్లో ఎవరెవరుంటారు?”

“నేనూ, మిషనూ.”

“పిల్లలు?”

“ఒక్కతే కూతురు. పోయింది.” టైలరమ్మ గుమ్మం వైపు చూసింది. “చాలా ఏళ్లయింది. ఆ మాట వదిలెయ్.”

చీటీ మీద డాక్టరమ్మ కలం ఆగింది.

టైలరమ్మ చూపు డాక్టరమ్మ తెల్లకోటు మీద పడింది. బొత్తాం కింద దారాన్ని కాడలా చుట్టి, ముడి లోపలికి దాచారు.

“ఇది అంగడి కుట్టు కాదే. ఎవరు కుట్టారు?”

“మా అమ్మ.”

“నేర్పినవాళ్లు గట్టివాళ్లే.”

“గట్టివాళ్లేనట.”

“సరే గానీ, ఇంతకీ కోస్తారా?”

“అక్కర్లేదు. పాదంలో బలం బాగానే ఉంది. ఆ కాపలా కణాలే గుజ్జును కొంచెం కొంచెంగా తినేస్తాయి. మంట చల్లారితే నరం ఊరుకుంటుంది. అందాకా మాత్రలు వేసుకోండి, కాస్త నడవండి. మిషను మీద వంగకండి.”

“చల్లారుతుందంటావా?”

“చాలామందికి చల్లారుతుంది. టైము పడుతుంది, అంతే.”

టైలరమ్మ గుండెల మీంచి బండ దిగినట్టయింది. బల్ల దిగబోతుంటే డాక్టరమ్మ చెయ్యి అందించింది. దిగాక కూడా వదల్లేదు.

“ఏమ్మా, ఇంకేమైనా చెప్పాలా?”

“మా అమ్మ పోలేదు, అమ్మమ్మా.”