ప్లాటినం కోన్

“నాకు ప్లాటినం కోనే కావాలి సార్,” అంది ప్రమీల.

వెంకటేశ్వరరావు ల్యాబ్‌కి వచ్చేసరికే ఆమె మెషిన్ ముక్కు నుంచి నికెల్ కోన్ విప్పి బల్ల మీద పెట్టింది. ఆయన దాన్ని తీసుకోబోయి చురుక్కుమనడంతో చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

కోన్ అంటే అరచేతిలో ఇమిడే లోహపు టోపీ. కొసన సూదిమొనంత బెజ్జం ఉంటుంది. రాయిని ఆసిడ్‌లో కరిగించి ఆ నీళ్లను మంటలోకి చిమ్మితే, ఆ మంట బెజ్జంలోంచి మెషిన్ లోపలికి దూరుతుంది. రాయిలో ఏ లోహం ఎంతుందో మెషిన్ చెబుతుంది. కోన్లలో చవకవి నికెల్‌వి, ఖరీదైనవి ప్లాటినంవి.

వెంకటేశ్వరరావు ఖమ్మం మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసి, ఆ తర్వాత ఈ ల్యాబ్ పెట్టినవాడు. మెషిన్ సంగతి ఆయనకు తెలియదు. ధర సంగతి మాత్రం బాగా తెలుసు.

“గోటితో పోయేదానికి గొడ్డలెందుకమ్మా? నికెల్‌తోనే కానియ్యి.”

“ఈ రాళ్లను కరిగించిన ఆసిడ్ గాజునే తినేస్తది సార్. నికెల్ ఏం ఆగుతది?”

“అవి మీ ఊరి గుట్ట రాళ్లే కదా? నీకెందుకింత పట్టుదల?”

“మా ఊరివే కాబట్టి. రేపు కొలత తేడా వస్తే, ఊరి పిల్ల కావాలనే చెడగొట్టిందంటరు.”

ఆ మాటకు ఆయన నసుగుతూనే బీరువా తాళం తీశాడు.

ఆ గుట్ట భద్రాచలం అడవిలో, ప్రమీల వాళ్ల గూడెం వెనకాలే ఉంది. ఒక గనుల కంపెనీ అక్కడి రాళ్లు పరీక్షకు పంపింది. ప్లాటినం ఉందని తేలితే గుట్టను తవ్వుతారు, దాని కింద ఉన్న గూడేన్ని లేపేస్తారు. నెలాఖరుకు కంపెనీ అనుమతి గడువు ముగుస్తుంది. గూడెం ఉండాలో పోవాలో ఈ ఒక్క పరీక్షే తేల్చాలి.

సంగతి తెలిసి, అంతకుముందు ఆదివారమే మేనత్త జంపక్క ఆమెను నిలదీసింది.

“ఆ పని ఇంకెవరికన్న ఇచ్చెయ్యి పిల్లా. నీ చేతులతోని గుట్టను వాళ్లకు అప్పజెప్తవా?”

“పని నాది అత్తా. నేనే చేస్త.”

“గందుకేనా నిన్ను చదివిచ్చింది? నీకన్న ఆ రాయి నయం!”

జంపక్క ఆ పూట అన్నం పెట్టలేదు. ప్రమీల తనే వడ్డించుకుని, కడుపునిండా తిని, చెయ్యి కడుక్కుని బస్సెక్కింది. మొండితనంలో ఆ ఇంటి ఆడవాళ్లకు ఆ ఇంటి ఆడవాళ్లే సాటి.

ఫలితం వచ్చింది. ప్లాటినం దండిగా ఉంది. కంపెనీ వాళ్లు మిఠాయి డబ్బాలతో దిగారు. అక్కడ గూడెంలో ప్రమీల పేరెత్తితే ఉమ్మేస్తున్నారు. ఆమె ఏమీ ఎరగనట్టు రోజూ ల్యాబ్‌కి వచ్చి పోతూనే ఉంది.

చివరి సంతకం చేయడానికి కంపెనీ నిపుణుడు హైదరాబాద్ నుంచి వచ్చాడు.

“ఏ కోన్ పెట్టావమ్మా?”

“ప్లాటినం కోన్ సార్.”

ఆయన కళ్లద్దాలు తీసి ఆమె వంక చూశాడు. “ప్లాటినం వెతకడానికి ప్లాటినం కోనా? ఆ ఆసిడ్ దెబ్బకి కోనే కాస్త కాస్త అరిగి లోపలికి పోదూ? రాయి వెయ్యకుండా ఉత్త ఆసిడ్ నీళ్లు పెట్టి చూపించు.”

పెట్టింది. అందులోనూ ప్లాటినం కనిపించింది.

నిపుణుడు కంపెనీ వాళ్ల వైపు తిరిగాడు. “చూశారా? ఉత్త నీళ్లలోనూ ప్లాటినమే! ఇక గుట్ట దేనికి, గోదావరినే తవ్వుకోండి!”

అందరూ పగలబడి నవ్వారు. రాతి పొడి ఏమైనా మిగిలిందా అని ఎవరో అడిగారు. అంతా అయిపోయిందంది ప్రమీల. మళ్లీ రాళ్లు తెచ్చి పరీక్షించేలోపు గడువు దాటిపోతుంది. ఒరిస్సా వైపు చూసుకుంటామని కంపెనీ వాళ్లు లేచారు.

వెంకటేశ్వరరావు మొహం మాడిపోయింది. “చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదే! సార్‌కి క్షమాపణ చెప్పు.”

“తప్పు నాదే సార్. క్షమాపణ మాత్రం చెప్పను.”

“అయితే రేపట్నుంచి రాకు!”

ప్రమీల తెల్లకోటు విప్పి, తీరిగ్గా మడిచి, ఆయన కుర్చీలోనే పెట్టి బయటికి నడిచింది.

గూడెంలో ఈసారి జంపక్కే అన్నం వడ్డించింది. నవ్వాగక పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“గింత మొద్దుదానివని తెల్వక తిట్టిన పిల్లా. నీ మొద్దుతనమే గూడేన్ని నిలబెట్టింది. అయితే మన గుట్టల ఏం లేదన్నట్టేనా?”

“ఇప్పచెట్లున్నయ్ గద అత్తా. ఇంకేం గావాలె?” అంటూ ప్రమీల ముద్ద నోట్లో పెట్టుకుంది.

ప్లాటినం కోన్ అడిగిన ఆ పొద్దున, వెంకటేశ్వరరావు రాకముందే, అవే రాళ్లను నికెల్ కోన్‌తో ఒకసారి పరీక్షించి చూసుకుంది ప్రమీల. గుట్ట నిండా ప్లాటినమే ఉంది.