ఇద్దరికీ ఒకే పెట్టె

"ఆ కార్డులో ఏముందో తెలుసా నీకు?" కెమెరా షాపు కౌంటర్ మీద అరచేత్తో చరిచాడు ఫొటోగ్రాఫర్.

"తెలుసు. తీసింది నేనే," అంది అతని భార్య పళ్ళు బిగించి.

ఇద్దరూ కలిసే పెళ్ళిళ్ళకి ఫొటోలు తీస్తారు. వేదిక దగ్గర ఆమె, అతిథుల మధ్య అతను. ఆ పొద్దున పెళ్ళిలో ఆమె గుడ్డ పౌచ్ జిప్పు ఊడి, గోరంత మెమరీ కార్డు ఒకటి కుర్చీల కింద పడిపోయింది. అరగంట నేలంతా పాకితే గానీ దొరకలేదు. ఆస్పత్రి నుంచి గంటసేపు అనుమతి మీద వచ్చిన పెళ్ళికూతురి తాతయ్య, మనవరాలి చెయ్యి పట్టుకుని నవ్విన ఫొటోలు అందులోనే ఉన్నాయి. ఆయన అప్పుడే తిరిగి ఆస్పత్రికి వెళ్ళిపోయారు. మళ్ళీ తీద్దామన్నా కుదిరేది కాదు.

మధ్యాహ్నం విందుకి ఇంకా గంట ఉంది. అందుకే పక్కవీధిలో ఉన్న ఈ షాపుకి పరుగున వచ్చారు. దారి పొడుగునా నోళ్ళు ఆగలేదు.

షాపాయన బిక్కమొహం వేసుకుని, కార్డులు దాచుకునే పౌచ్‌లూ పెట్టెలూ మూడు రకాలు ముందు పెట్టాడు. గుడ్డదాన్ని భర్త ముట్టుకోనైనా లేదు. ప్లాస్టిక్‌దాన్ని వంచి చూసి పక్కకి నెట్టేశాడు. మూడోది చుట్టూ రబ్బరు అంచున్న నల్లటి గట్టి పెట్టె.

"నీళ్ళలో పడ్డా చుక్క దిగదు సార్. కారెక్కినా చెక్కు చెదరదు."

భర్త దాన్ని నేలమీద పెట్టి బూటుకాళ్ళతో ఎక్కి నిలబడ్డాడు. షాపాయన కళ్ళు మూసుకున్నాడు. పెట్టెకి గీత కూడా పడలేదు.

"ఇదివ్వండి. పన్నెండు కార్డులు పడతాయి. ఇద్దరికీ ఇదొక్కటే చాలు. నా నడుముకే ఉంటుంది."

"ఎవరివి వాళ్ళ దగ్గరుంటేనే నయం. నాకూ ఒకటి కొనండి," అంది భార్య.

"నీకిస్తే ఏమవుతుందో పొద్దునే చూశాంగా."

"నెలకి మూడు లెన్స్ మూతలు పారేసే మనిషి నాకు చెప్పొచ్చాడు," అందామె షాపాయన వైపు తిరిగి.

"మూత పోతే కొనుక్కోవచ్చు. పెళ్ళి పోతే కొనుక్కుంటామా?"

ఆ మాటకి ఆమెకి ఒళ్ళు మండిపోతోంది, కానీ తప్పు తనదే. అతను తన ఎనిమిది కార్డులూ పెట్టెలో సర్దాక, పెళ్ళంతా ఉన్న నాలుగు కార్డుల్నీ పౌచ్‌లోంచి తీసింది. నిండిన కార్డుని బోర్లా పెట్టడం ఆమె అలవాటు. అత్తమీద కోపం దుత్తమీద చూపినట్టు ఒక్కొక్కదాన్నీ టక్కున బోర్లా నొక్కి, పెట్టె అతని చేతిలో పడేసింది.

"ఇంక మీరే మొయ్యండి."

విందు మొదలైంది. కెమెరాలో ఉన్న ఒక్క కార్డుతోనే ఆమె పెళ్ళివారి బల్ల దగ్గర ఉండిపోయింది. మొగుడి మొహం చూడబుద్ధి కాలేదు. అతను మాత్రం ఎవరిమీదో పంతం పట్టినట్టు హాలంతా తిరిగి తీశాడు.

జనం పలచబడ్డాక పెళ్ళికూతురు వచ్చింది. "అక్కా, తాతయ్య ఫొటో ఒక్కటి నా ఫోన్‌కి పంపవా? ఆస్పత్రిలో పదేపదే అడుగుతున్నారట."

"ఎంతసేపమ్మా," అని భర్త తన నడుముకున్న పెట్టె తీసి, భార్య ముందు మూత తెరిచి చూపించాడు. "లెక్క చూసుకో. పన్నెండుకి పన్నెండు. ఒక్కటన్నా జారిందా?"

ఆమె వేలితో ఒక్కొక్కటీ లెక్కపెట్టింది.

"అయినా ఒక్క విషయంలో నిన్ను మెచ్చుకోవాలి. ఖాళీ కార్డుల్ని నాలాగే బోర్లా పెట్టావు. నావి నిండిపోగానే నీవి నాలుగూ తుడిచేసి, వాటి నిండా విందే తీశాను."