మిగిలిన బోర్డు

"ఆ ఒక్క బోర్డూ దించకండి ఆనందరావు గారూ! మధ్యాహ్నం దాకా ఆగండి, చాలు."

స్టూలెక్కి స్క్రూలు విప్పుతున్న ఆనందరావు కిందికి చూశాడు. ఫణికుమార్ ఇస్త్రీ చొక్కా మీద టై కట్టుకుని నిలబడి ఉన్నాడు. మొహమంతా చెమట.

"పొద్దుమీకి తాళం అప్పజెప్పాలె. ఈ హాలు ఉల్లిగడ్డల సేటుకు పోతున్నది. ఉల్లిగడ్డలకొచ్చినోళ్లు నీ పేరు చదువుకుంట నిలవడాల్నా?"

"అచ్యుతరామయ్య గారు నా ఆఫీసు చూడ్డానికి వస్తున్నారండీ. నచ్చితేనే వాళ్లమ్మాయి మైథిలిని ఇస్తానన్నారు."

"నీ ఆఫీసా? యాడుంది?" అన్నాడు ఆనందరావు.

మాదన్నపేట మార్కెట్ మీది ఆ హాలును, తను పనిచేసే ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆనందరావే తెరిచాడు. పది టేబుళ్లు, పదిమంది అద్దెదారులు, అందరికీ కలిపి ఒక్క ఫోను, అది ఎత్తడానికి మహేశ్వరి. మెట్ల దగ్గర మాత్రం పది కంపెనీల బోర్డులు. ఒక్కడికీ బేరం లేదు కానీ ప్రతివాడూ ప్రొప్రయిటరే. తినడానికి తిండి లేదు, మీసాలకు సంపెంగ నూనె. ఇరానీ హోటల్లో టీకి పోతూ కూడా "మీటింగులో ఉన్నారని చెప్పు" అని మహేశ్వరికి చెప్పి మరీ పోయేవారు. సెల్‌ఫోన్లకు ఇన్‌కమింగ్ ఉచితం కాగానే ఈ దొరలకు హాలుతో పని తీరిపోయింది. చెప్పాపెట్టకుండా ఒక్కొక్కడే జారుకున్నాడు. ఇలాంటివాళ్లకా ఇన్నాళ్లూ ఫ్యాన్లు వేసి కూర్చోబెట్టానని తలుచుకుంటేనే ఆనందరావుకు రోత పుట్టేది.

చివరికి మిగిలింది ఫణికుమార్, ఇన్సూరెన్సు ఏజెంటు రామ్‌చందర్.

"నాకు నలుగురు స్టాఫని చెప్పాను," ఫణికుమార్ గొంతు తగ్గించాడు. "మీరు మేనేజరు. రామ్‌చందర్ గారు అకౌంటెంటు. ఫోన్ దగ్గర మహేశ్వరి."

"నాలుగోటోడు?"

"సెలవులో ఉన్నాడు."

ఆనందరావుకు ఒళ్లు మండింది. "ముప్పై ఏండ్లు మిషన్ల మీద పనిచేసిన. గిప్పుడు నిన్ను సార్ అనాల్నా?"

"అను అన్నా, ఏం పోతది?" రామ్‌చందర్ నవ్వాడు. "హాలు ఎట్లాగూ పోతున్నది. పోరని లగ్గమన్న కానియ్యి."

ఆనందరావు ఒప్పుకున్నాడు. జాలితో కాదు, ఈ నాటకం ఎంతసేపు నిలుస్తుందో చూద్దామని.

కాసేపటికి అచ్యుతరామయ్య వచ్చాడు. మడత నలగని తెల్లచొక్కా, చేతిలో తోలు బ్యాగు. బహదూర్‌పురాలో ఆయనకు పెద్ద ఆఫీసు ఉందని, ఒట్టి మాటలకు లొంగే మనిషి కాదని ఫణికుమార్ ముందే చెప్పి ఉంచాడు. పైకెక్కబోతూ ఆయన మెట్ల దగ్గర ఆగి గోడకేసి చూశాడు. ఒక్క బోర్డు, దాని చుట్టూ బోర్డులు ఊడదీసిన తెల్లటి మచ్చలు.

"సున్నం వేయిస్తున్నామండీ," అన్నాడు ఫణికుమార్.

"ఊఁ," అన్నాడాయన.

పైకొచ్చి ఆనందరావుకు తన కార్డు ఇచ్చాడు. దాని మీద ఆఫీసు నంబరు కొట్టేసి, పెన్నుతో ఇంటి నంబరు రాసి ఉంది. "లైను బాగాలేదు," అన్నాడు. పెద్దవాళ్ల ఫోన్లూ చెడిపోతాయన్నమాట అనుకున్నాడు ఆనందరావు.

ఆ తర్వాత సోదా మొదలైంది. ఆయన ఫ్యాన్లకేసి ఒకసారి చూసి, ఫణికుమార్ లాగిన కుర్చీ వదిలేసి, గోడవార కుర్చీలో బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పక్క టేబులు సొరుగు తట్టాడు.

"ప్రతి సొరుగుకూ వేరే తాళమా?"

"స్టాఫంటే నమ్మకమండీ," అన్నాడు ఫణికుమార్ తడబడి. రామ్‌చందర్ దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు.

"టీ ఎలా?"

"ఎవరిది వాళ్లే తెప్పించుకుంటరు సార్," అనేసి ఆనందరావు నాలిక కరుచుకున్నాడు.

అంతలో ఫోను మోగింది. మహేశ్వరి ఎత్తి "హలో, చెప్పండి" అంది. అడిగేది ఎవరినో తేలేదాకా ఏ కంపెనీ పేరూ పలకకపోవడం ఈ హాల్లో ఆమెకు అలవాటు.

"కంపెనీ పేరు చెప్పలేదే!" అన్నాడు అచ్యుతరామయ్య.

ఫణికుమార్ టై ముడి సర్దుకున్నాడు.

"మంచి పిల్ల," అన్నాడాయన. "ఇలాంటి పిల్ల దొరకడం కష్టం." తర్వాత ఆయన చూపు ఆనందరావు నడుముకున్న తాళాల గుత్తి మీద ఆగింది. "అయితే తెరిచేదీ మూసేదీ మీరేనన్నమాట."

"ఔ సార్."

ఆయన లేచి ఫణికుమార్ భుజం తట్టాడు. "నాకు నచ్చింది బాబూ. ముహూర్తం పెట్టించమని మీ నాన్నగారికి చెప్పు."

ఫణికుమార్ వంగి ఆయన కాళ్లకు దండం పెట్టాడు. లేచేసరికి కళ్లనిండా నీళ్లు.

ఆనందరావుకు ఫణికుమార్ కంటే ఈ పెద్దమనిషి మీదే ఎక్కువ ఏవగింపు కలిగింది. పైన పటారం లోన లొటారం అని ఎదురుగా కనబడుతుంటే టై చూసి కూతుర్నిచ్చేస్తున్నాడు! ఈయన బహదూర్‌పురాలో ఆఫీసు నడుపుతాడట! అంతలోనే ఆ మైథిలి గుర్తొచ్చింది. ఆ పిల్ల గొంతు కోసినవాళ్లలో తనూ ఒకడు. మేనేజరు వేషం వేసింది తనే కదా.

ఆయన వెనకే గబగబా మెట్లు దిగాడు.

"సార్, జర ఆగుండ్రి. మీకొకటి చెప్పాలె. ఈ ఆఫీసు..."

అచ్యుతరామయ్య చెయ్యెత్తి ఆపాడు. పైకి చూసి, ఎవరూ వినడం లేదని రూఢి చేసుకున్నాడు.

"మీరేం చెప్పక్కర్లేదండీ. ముందు నేనొకటి అడగాలి. మా అమ్మాయికి గానీ, అల్లుడికి గానీ తెలియకూడదు."

కుర్రాడి అలవాట్లు అడుగుతాడు కాబోలు, ఉన్నదున్నట్టు చెప్పేద్దామనుకున్నాడు ఆనందరావు.

"అడుగుండ్రి సార్."

"బహదూర్‌పురాలో మా హాలు మూసేశారు, ఇక్కడ నాకో టేబులు ఇప్పిస్తారా?"