మొగిలి తలనొప్పి

"జర కూసోనియ్యి అనసూర్యా, తల పలిగిపోతుంది," అంటూ మొగిలి రెండు చేతులతో తల పట్టుకుని గడపలోనే కూలబడ్డాడు.

అనసూర్య చేతిలో గరిటె ఆగిపోయింది. బొగ్గుబాయిలో పాతికేళ్లుగా పని చేస్తున్న మొగుడు ఒక్కనాడు సిక్ పెట్టిన పాపాన పోలేదు. గోదావరిఖని క్వార్టర్లలో పెళ్లికీ, నాట్లకీ తలనొప్పి పేరు చెప్పి సిక్ చీటీ రాయించుకునే ఘనులు బోలెడుమంది. తలనొప్పికి రుజువేముంటుంది మరి? మొగిలికి ఆ విద్య రాదు. అలాంటి మనిషి తల పట్టుకున్నాడంటే నిజంగానే పట్టుకున్నట్టు.

"మొన్న పేపర్ల నువ్వే సదివినవ్ గదా, లావున్నోళ్లకు మెదడుల గడ్డలొచ్చే ముప్పు ఎక్కువని," అంటూ ఆమె పొయ్యి ఆర్పేసింది.

"అందరికి వస్తయని కాదు. కొన్ని రకాలు, కొంచెం ఎక్కువ అని రాసిండ్రు."

"నేనేమో నవ్వి ఆ పేపర్ మీదనే పూరీలు ఏసిన. లే, దవాఖానకు పోదాం."

డాక్టరు ఖదీర్ బీపీ చూశాడు, కళ్లలోకి లైటు వేసి చూశాడు. "ఇప్పుడైతే భయపడే సంగతేం లేదు. నొప్పి పెరిగితే వెంటనే రా, స్కాన్ తీపిద్దాం. లేకుంటే బరువు తగ్గి మూడు నెలలకు కనబడు."

రెండేళ్ల కిందట తననూ బరువు తగ్గమన్నాడని అలిగి, ఈయన మొహం చూడనని ఒట్టు పెట్టుకుంది అనసూర్య. ఇప్పుడు మాత్రం ఆయన చెప్పిన ప్రతి మాటకూ తలూపింది.

"రేపటి సంది గ్రౌండుల నడువాలె నువ్వు," అంది ఇంటికి రాగానే.

"ఒక్కణ్ణే పోతే, కండ్లు తిరిగి పడితే?"

"నేనొస్త పా."

"నువ్వు పూరీలు తినుకుంట నాకు జొన్నగట్క పెడితే ఎట్ల దిగుతది?"

"నేను గూడ గట్కనే తింట. సరేనా?"

ఫస్ట్ షిఫ్టుకు వెళ్లేలోపు రోజూ అయిదు చుట్లు. రెండో చుట్టుకే ఆయాసం వచ్చి అనసూర్య గోడకు ఒరిగేది. మొగిలి కణతలు నొక్కుకోగానే "నడువు నడువు" అంటూ లేచేది. పక్కింటి సారవ్వ "కొత్త పెండ్లి జంటలెక్క తిరుగుతున్నరేందే" అని ఆటపట్టించినా ఒక్క పూట మానలేదు.

"నీకేమన్నయితే నేను బతుకనయ్యా," అంది ఒకనాడు నడుస్తూనే. మొగిలి ఆ పూట ఆమెను ఇంకో చుట్టు ఎక్కువ తిప్పాడు.

ఇంత చేస్తోందా ఇల్లాలు, ఈ పెద్దమనిషి మాత్రం బాయి క్యాంటీన్లో మిరపకాయ బజ్జీలు లాగిస్తూనే ఉన్నాడు. సిగ్గుండాలి మనిషికి.

మూడు నెలలకు డాక్టరు అతణ్ని బరువు మిషను ఎక్కించాడు. తగ్గింది ఒక్క కిలో.

"ఒక్కటేనా?" అనసూర్యకు ఏడుపొచ్చింది. "నా చేతులతోని గట్క వండిపెట్టిన సార్, పక్కన ఉండి నడిపిచ్చిన. మీ మిషనే ఖరాబైంది."

"అయితే నువ్వెక్కి చూడమ్మా."

కోపం మీద ఎక్కేసింది. ఎక్కిందే గానీ ముల్లు వంక చూడనైనా లేదు. "ఇంక ఏం తక్కువ చెయ్యాలె ఈయనకు," అని కళ్లు తుడుచుకుంటూ దిగి, మొగుడి మాత్రల చీటీ పట్టుకుని మందుల కిటికీ దగ్గరికి వెళ్లింది.

ముల్లు ఎక్కడ ఆగిందో చూసిన డాక్టరు ఆమె పాత చీటీ వెతికి తీశాడు. అందులోని అంకె చూశాడు, మిషను వంక చూశాడు, మళ్లీ చీటీ చూశాడు. "సరే గాని మొగిలీ, నీ తలనొప్పి తగ్గనట్టయితే స్కాన్..."

మొగిలి లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"నా తలకేం కాలె సార్, ఆమె ఎంత తగ్గిందో చెప్పుండ్రి."