ఏడు పట్టుకాయలు

కుర్ర గిజిగాడి దగ్గర మల్బరీ కొమ్మ నుంచి తెంపుకొచ్చిన ఏడు పట్టుకాయలున్నాయి. వాన రాకముందే వాటి దారంతో తొలి గూడు మెత్తగా అల్లుకోవాలి.

వాగుకు అటూ ఇటూ రెండు పిట్టల దేశాలు. తాతల నాడు ఇటువైపు గూటికి ఇరవై కాయలు వాడేవారు, అటువైపు రెండే. ఇప్పుడు లెక్క తిరగబడింది: ఇటు ఏడు దొరకడమే గొప్ప, అటు ఇరవై. పొగమంచులో అవతలి గూళ్లు వెన్నెల ముద్దల్లా ఊగుతున్నాయి.

"మీకింత పట్టు ఎక్కడిది పెద్దమ్మా?" అని అవతలి ముసలి పిట్టను అడిగాడు.

"పురుగు రెక్కలొచ్చి ఎగిరిపోయాకే మేం కాయ ముడతాంరా. మీవాళ్లకు అంత ఓపికేదీ? లోపలి ప్రాణంతో సహా పీకేస్తారు. మళ్లీ గుడ్లెవరు పెడతారు, మీ తాతా?"

గిజిగాడు ఒక కాయకు చెవి ఆనించాడు. లోపల ఏదో మెల్లగా కదిలింది. మబ్బు దగ్గరపడుతోంది. తిరిగి మల్బరీ కొమ్మకు తగిలించడానికి మొదటి కాయను ముక్కున కరుచుకున్నాడు.