నిన్నటి ట్యూనింగ్

బండి గేటు దాటకముందే మేస్త్రికి ఆ చప్పుడు వినబడింది. రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు టకటకా, టకటకా. నిన్న ఆయన చేతులమీదుగా వెళ్ళిన బండే అది.

"చెవుల మేస్త్రి, వింటేనే రోగం పట్టేస్తారు అంటే ఏమో అనుకున్నాను" అన్నాడు బండాయన, తలుపు ధడాలున వేస్తూ. "ఎత్తు ఎక్కేసరికి ప్రాణం పోయినట్టు కొట్టుకుంది. ఆదివారం పందెం నాకు. ఇంజను పోతే మీరు తెచ్చిస్తారా?"

బండికి పెట్రోలు చిమ్మే పెద్ద ఇంజెక్టర్లు, బలమైన పెట్రోలు పంపు కొత్తగా వేశారు. ఆ సంగతి బండిలోని కంప్యూటర్‌కి తెలియదు కదా, పాత లెక్క ప్రకారమే పోస్తుంది. దానికి కొత్త లెక్క నేర్పాలి, అదే ట్యూనింగ్. ఎక్కువ పోస్తే పొగ, తక్కువ పోస్తే పిస్టన్‌కి చిల్లు. నిన్నంతా ఆయన చెవి ఇంజనుకి అప్పగించి, లాప్‌టాప్‌లో ఒక్కో అంకే సర్దాడు. ఇంజను నున్నగా తిరిగాకే ఇంటికెళ్ళాడు. కూతురు బండి కడిగించి అప్పగించింది.

ఇప్పుడు ఆమే అడ్డొచ్చింది. "నాన్నని ఏమీ అనకండి. బండి ఉంచి వెళ్ళండి. సాయంత్రానికి నేను సరిచేసిస్తాను."

బండాయన గొణుక్కుంటూ వెళ్ళాడు. మేస్త్రి లాప్‌టాప్ తెరిచి అంకెలు చూశాడు. వేగం పెరిగే చోటల్లా పెట్రోలు అడ్డంగా కోసేసి ఉంది. పని తెలిసినవాడెవడూ చెయ్యని తప్పు.

"ఇవి నేనే వేశానా అమ్మా?"

"పోనీ నాన్నా, వదిలెయ్."

"పక్కనే ఉన్నావుగా. చెప్పు."

ఆమె తల దించుకుంది. "వద్దని చెప్పాను. నన్ను కసిరావు. గుర్తులేదా?"

ఆయనకి ఏమీ గుర్తులేదు.

ఈ నెలలో ఇలా తిరిగొచ్చిన బండి ఇది మూడోది. ఆయన అన్నకీ ఇలాగే మొదలైంది. మొదట పనిముట్లు ఎక్కడ పెట్టాడో మరిచాడు, చివరికి కట్టుకున్న భార్య మొహమే మరిచాడు. అప్పట్నుంచీ ఆ భయం మేస్త్రిని లోలోపల తొలిచేస్తూనే ఉంది.

"మీ పెదనాన్నలా అయిపోతున్నానా?"

కూతురు తండ్రి చెయ్యి పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

తానుండగా లాప్‌టాప్ ముందరి కుర్చీలో ఇంకొకరు కూర్చోవడానికి వీల్లేదని ఏళ్ళ తరబడి భీష్మించుకున్న మనిషి, ఆ పూటే లేచి కూతుర్ని కూర్చోబెట్టాడు.

"షెడ్డు నీదే తల్లీ. నేనింక బండి ముట్టుకోను."

ఇంటికెళ్ళే బస్సు ఎక్కించేటప్పుడు ఆమె ఇంటి అడ్రసు చీటీ మీద రాసి ఆయన చొక్కా జేబులో పెట్టింది. "ఎందుకైనా మంచిది నాన్నా" అంది. ఆయన వద్దనలేదు. చంటిపిల్లాడిలా తలూపాడు.

బస్సు మలుపు తిరిగాక ఆమె షెడ్డులోకొచ్చి, నిన్న తండ్రి ఇంటికెళ్ళగానే తాను బండిలో తప్పు అంకెలు ఎక్కించి, పక్కకి తీసి దాచిన ఆయన ట్యూనింగునే, ఒక్క అంకె మార్చకుండా, మళ్ళీ బండిలోకి ఎక్కించింది.